యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఒకచోట కలపొద్దు

(మండల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏ మందులో ఏ మందు కలుస్తుందో, ఏది కలవదో రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండు మందులు కలిపి కొట్టాలనుకుంటే ముందు ఒక గ్లాసులో కొంచెం కొంచెం కలిపి చూస్తాం. పాలు విరిగినట్టు విరిగినా, అడుగున పేరుకున్నా, గ్లాసు వేడెక్కినా ఆ రెండూ మన ట్యాంకులో పడవు. బోర్డో మిశ్రమంలో ఇంకో పురుగుమందు పోయొద్దని పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. తొందరపడి కలిపి కొడితే ఆకు మాడిపోవడం, పెట్టిన డబ్బు పోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇంత తెలిసిన మన ఇళ్లల్లోనే మరుగుదొడ్డి కడిగేటప్పుడు ఆ జాగ్రత్త కనపడదు. ముందు యాసిడ్ పోస్తాం. మరక వదలకపోతే దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతాం. వాసన పోలేదని ఫినాయిల్ కూడా పోస్తాం. ఒకటి చేయలేని పని రెండూ కలిస్తే చేస్తాయనుకుంటాం. యాసిడ్, బ్లీచింగ్ కలిసినచోట క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. చేలో తప్పు కలిపితే ఒక పంట పోతుంది. తలుపు వేసిన బాత్రూములో తప్పు కలిపితే మనిషి ఊపిరే పోవచ్చు.

గిట్టుబాటు ధర, ఎరువులు, పంట నష్టం గురించి మాట్లాడుకునే సభలో లెట్రిన్ కడగడం గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక మన పల్లెల్లో ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది. మంచిదే. దాని వెంట యాసిడ్ సీసా కూడా ఇంట్లోకి వచ్చింది. దాన్ని ఎలా వాడాలో, దేనితో కలపకూడదో చెప్పేవాళ్లు మాత్రం రాలేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి వడ్ల తూర్పారబట్టేటప్పుడు లేచే పొట్టు దుమ్ములో నిలబడలేడు, మిరప కల్లంలో కూర్చోలేడు, పత్తి తీయలేడు. కష్టం చేసుకుని బతికే కుటుంబానికి ఊపిరే పెట్టుబడి. అందుకే ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయమని మేము అనుకున్నాం.

ఏది దేనితో కలిస్తే ఏమవుతుంది

బండి మీద సీసాల్లో పోసి అమ్మే బాత్రూం యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కంపెనీ పేరుతో వచ్చే రంగు రంగుల టాయిలెట్ క్లీనర్లలో కూడా ఎక్కువ వాటిలో ఉండేది ఇదే ఆమ్లం, సుమారు 10 శాతం. చిక్కగా, వాసన బాగుంటుంది కాబట్టి అది యాసిడ్ అని మనకు తోచదు.

బ్లీచింగ్ పౌడర్ తడిపిన సున్నానికి క్లోరిన్ పట్టించి చేసేది. తాజా పౌడర్ బరువులో దాదాపు మూడో వంతు క్లోరిన్ దొరుకుతుంది. ఆ క్లోరిన్ సున్నంలో కట్టిపడేసి ఉన్నంతకాలం మనకు మేలే చేస్తుంది. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ కలిపి గంటసేపు ఉంచితే సూక్ష్మక్రిములు చచ్చి నీళ్లు తాగడానికి పనికొస్తాయి. వానాకాలంలో మన ట్యాంకుల్లో, బావుల్లో కలిపేది ఇందుకే. తెల్లబట్టలకు వాడే ద్రవం బ్లీచ్‌లోనూ సోడియం హైపోక్లోరైట్ రూపంలో ఉండేది ఇలాంటి క్లోరినే.

యాసిడ్ తగిలితే ఆ కట్టు తెగుతుంది. క్లోరిన్ ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా ఆమ్లాలే. వాటిని బ్లీచింగ్‌లో కలిపినా క్లోరిన్ వస్తుంది. వేడినీళ్లు పోస్తే ఇంకా తొందరగా లేస్తుంది.

రెండో ప్రమాదం అమ్మోనియాతో. బ్లీచింగ్, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్ అనే ఇంకో విషవాయువు పుడుతుంది. అమ్మోనియా మన ఇంట్లో ఎక్కడుందని అడగొచ్చు. మనిషి మూత్రంలోనూ, పశువుల మూత్రంలోనూ ఉండే యూరియా నిలవుంటే అమ్మోనియాగా మారుతుంది. పాకలోకి వెళ్లగానే ముక్కుకు తగిలే ఘాటు అదే. అద్దాలు తుడిచే కొన్ని ద్రవాల్లో కూడా అమ్మోనియా ఉంటుంది. గోమూత్రంతో చేసిన నేల తుడిచే ద్రవాలు ఇప్పుడు చాలాచోట్ల అమ్ముతున్నారు. వాటిని విడిగా వాడుకోవచ్చు. సహజమైనదే కదా అని బ్లీచింగ్‌తో కలిపితే మాత్రం ఆ సహజమే విషానికి దారితీస్తుంది.

శానిటైజర్, స్పిరిట్, ఫినాయిల్ వంటివి కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు. ఇన్ని పేర్లు గుర్తుండవనుకుంటే ఒక్క మాట గుర్తుంటే చాలు: బ్లీచింగ్‌లో చన్నీళ్లు తప్ప ఇంకేదీ కలపొద్దు. పైరు మందులకు చేసే గ్లాసు పరీక్ష ఇక్కడ పనికిరాదు. కలిపి చూడటమే ప్రమాదం.

చిటికెడు చాలు

‘కొంచెమే కదా కలిపింది’ అనే మాట మనం తరచూ వింటాం. ఆ కొంచెం ఎంతో లెక్క వేసి చూద్దాం. క్లోరిన్‌తో పనిచేసే కార్మికుల విషయంలో అమెరికాలో పెట్టిన పరిమితి పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు. ఏ క్షణంలోనూ అది దాటకూడదు. లక్ష వంతుల గాలిలో ఒక వంతు చేరితే ప్రాణానికే వెంటనే ముప్పని అక్కడి నిపుణుల సంస్థ నిర్ణయించింది.

మన మరుగుదొడ్డి నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు, ఏడు అడుగుల ఎత్తు అనుకుందాం. అందులో పట్టే గాలి సుమారు 3,200 లీటర్లు. దానిలో లక్షో వంతు అంటే 32 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో సగానికి కూడా సరిగా రాదు. అంత క్లోరిన్ రావడానికి తాజా బ్లీచింగ్ పౌడర్ గ్రాములో మూడో వంతు యాసిడ్‌లో పూర్తిగా కరిగితే సరిపోతుంది. అది రెండు వేళ్ల సందున పట్టే చిటికెడు. మనం చల్లేది గుప్పెడు. వెంటిలేటరు గుండా కొంత బయటికి పోతుంది, పౌడరంతా కరగకపోవచ్చు, పాతదైతే బలం తగ్గి ఉండొచ్చు. అయినా చిటికెడుకూ గుప్పెడుకూ ఎంత తేడా ఉందో మీరే చూసుకోండి.

క్లోరిన్ గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. పైకి లేచిపోదు, నేలబారునే ఉంటుంది. మన దేశపు లెట్రిన్‌ను నిలబడి కడగలేం. గొంతుకు కూర్చుని, ముఖం గుంతకు దగ్గరగా పెట్టి తోముతాం. వాయువు ఎక్కడ చిక్కగా ఉంటుందో సరిగ్గా అక్కడే ముక్కు ఉంటుంది. పక్కన ఆడుకునే పసిపిల్లల ఎత్తు కూడా అంతే.

1915 ఏప్రిల్ 22న మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ క్లోరిన్‌నే. గాలి కంటే బరువు కాబట్టే అది కందకాల్లోకి దిగింది. అప్పుడు సైనికుల మీద ఆయుధంగా వాడినదాన్ని ఇప్పుడు మన ఇంటి ఆడవాళ్లు తెలియకుండా తమ చేతులతోనే తయారు చేసుకుంటున్నారు.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది

క్లోరిన్ తడి తగిలినచోట ఆమ్లంగా మారుతుంది. కళ్లు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు అన్నీ తడిగా ఉండేవే. ముందు కళ్లు మండుతాయి, నీళ్లు కారుతాయి. గొంతు పట్టేస్తుంది. ఆగకుండా దగ్గు వస్తుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటుంది, కొందరికి పిల్లికూతలు వస్తాయి. ఎక్కువగా పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ చివరిది వెంటనే కనపడకపోవచ్చు. బయటికొచ్చి కూర్చుని, కాసేపటికి తేరుకుని, అన్నం తిని పడుకున్న మనిషికి కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు. ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని నిశ్చింతగా ఉండకూడదనేది ఇందుకే.

ఒక్కసారి గట్టిగా పీల్చినా చాలాకాలం వేధించవచ్చు. అంతకుముందు ఉబ్బసం లేని మనిషికి ఘాటైన వాయువు ఒక్కసారి పీల్చిన 24 గంటల్లోపే ఉబ్బసం లాంటి లక్షణాలు మొదలై, మూడు నెలలు, అంతకు మించి ఉండిపోవడాన్ని 1985లో అమెరికా వైద్యులు ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. ఆ తర్వాత దుమ్ము, పొగ, చలిగాలి, మిరప ఘాటు ఏది తగిలినా దగ్గే. ఊళ్లో దాన్ని ‘చల్లగాలి పడలేదు’ అనో, ‘ఆయాసం వచ్చింది’ అనో అంటాం. ఎక్కడినుంచి వచ్చిందో అడగం.

కొంచెం కొంచెంగా రోజూ పీల్చినా నష్టమే. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యూరప్‌లో 6 వేల మందికి పైగా మనుషుల ఊపిరి బలాన్ని 20 ఏళ్లపాటు కొలిచిన వివరాలను పరిశీలించి 2018లో ప్రకటించారు. ఇంట్లో గానీ, కూలికి గానీ శుభ్రం చేసే పని చేసిన ఆడవాళ్లలో ఊపిరి బలం మిగతావాళ్ల కంటే తొందరగా తగ్గినట్టు తేలింది.

ఎవరు పీలుస్తున్నారు

ఇంట్లో లెట్రిన్ కడిగేది ఎవరో మనందరికీ తెలుసు. అన్నలారా, మనలో ఎంతమందిమి ఆ చీపురు పట్టుకున్నాం? పొలంలో మందు కొట్టేటప్పుడు గాలివాటం చూసుకుని నడుస్తాం. ఇంట్లో ఆడవాళ్లు కిటికీ లేని గదిలో తలుపు దగ్గరకు వేసుకుని కడుగుతున్నారు. సంక్రాంతికో, ఇంట్లో శుభకార్యానికో ఇల్లంతా ఒకే రోజు కడగాల్సి వచ్చినప్పుడు ఉన్న సీసాలన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. తొందర ఎక్కువైనకొద్దీ కలపడమూ ఎక్కువవుతుంది.

బడిలో మరుగుదొడ్లు కడిగే ఆయాలు, పంచాయతీ పారిశుధ్య కార్మికులు, ఆసుపత్రుల్లో తుడిచేవాళ్లు, పట్నంలో ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లు చాలావరకు మన కూలి కుటుంబాల వాళ్లే. పొద్దున బడిలో లెట్రిన్లు కడిగి, ఆ తర్వాత కలుపుకి వచ్చే అక్కలు మన చేలల్లోనే ఉన్నారు. వాళ్ల చేతికి యాసిడ్ డబ్బా, బ్లీచింగ్ సంచి రెండూ ఇస్తారు. రెండూ కలపకూడదని ఎవరైనా చెప్పారా అని ఒకసారి అడిగి చూడండి.

పాకలో, పాల కేంద్రంలో, చెరువు గట్టు మీద

మన రైతుల పనుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. పశువులకు రోగం వచ్చినప్పుడు పాకలో బ్లీచింగ్ చల్లుతాం. పేడ, మూత్రం అలాగే ఉండగా చల్లితే రెండు నష్టాలు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ లేస్తుంది, అది మనకూ పశువుకూ ఊపిరి ఆడనివ్వదు. పేడ వంటి మురికి తగిలితే బ్లీచింగ్ బలం తగ్గిపోయి క్రిములు కూడా సరిగా చావవు. ముందు పశువులను బయట కట్టేయాలి. పేడ ఎత్తి, మూత్రం పోయేదాకా నీళ్లు దండిగా కొట్టి, ఆ నీళ్లు కాలవలోకి దిగిపోయాకే బ్లీచింగ్ నీళ్లు పోయాలి. ఆరిన తర్వాతే పశువులను లోపలికి తేవాలి.

పాల కేంద్రాల్లో క్యాన్లు, పైపులు, చల్లబరిచే ట్యాంకులు కడగడానికి ఒకసారి ఆమ్లపు ద్రవం, ఒకసారి క్లోరిన్ ద్రవం వాడతారు. మధ్యలో మంచినీళ్లతో బాగా కడగకపోయినా, ఒకే బకెట్టులో రెండూ పడినా క్లోరిన్ పుడుతుంది. రెంటికీ వేర్వేరు బకెట్లు, వేర్వేరు కొలతపాత్రలు ఉండాలి. మన పాల సంఘాల్లో బాధ్యతల్లో ఉన్న సభ్యులు దీన్ని స్వయంగా చూసుకోవాలి.

గోదావరి, కృష్ణా జిల్లాల్లో రొయ్యల చెరువులు సిద్ధం చేసేటప్పుడు బ్లీచింగ్‌ను బస్తాలకొద్దీ వాడుతున్నారు. కూలీలు గాలికి ఎదురుగా నిలబడి చేత్తో చల్లడం మానాలి. చెరువు గట్టు మీద షెడ్డులో బ్లీచింగ్ బస్తాల పక్కనే యూరియా, యాసిడ్ క్యాన్లు, డీజిల్ పెడుతుంటారు. బ్లీచింగ్‌కు యూరియా తగిలినా, తేమ, నూనె తగిలినా ప్రమాదమే, నిప్పు కూడా అంటుకోవచ్చు. బ్లీచింగ్‌ను విడిగా, పొడిచోట, ఎండ తగలకుండా ఉంచాలి.

కరోనా కాలం నేర్పింది

2020లో కరోనా భయంతో లోకమంతా కడగడం మొదలుపెట్టింది. ఆ ఏడాది జనవరి నుంచి మార్చి వరకు అమెరికాలోని విష సమాచార కేంద్రాలకు శుభ్రం చేసే ద్రవాల వల్ల ఇబ్బంది పడ్డామంటూ 45,550 ఫోన్లు వచ్చాయి. అంతకుముందు ఏడాది అవే మూడు నెలలతో పోలిస్తే ఇది 20 శాతం ఎక్కువ. అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ ఆ ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ఒక ఆవిడ సంగతి ఉంది. కొన్న సరుకులన్నీ కడిగి తినాలని వార్తల్లో విని, ఆవిడ వంటింటి సింకులో బ్లీచ్, వెనిగర్, వేడినీళ్లు కలిపి కూరగాయలు నానబెట్టింది. ఘాటు వాసన వచ్చి, ఊపిరి ఆడక, అంబులెన్సులో ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

అదే సంస్థ మే నెలలో 502 మందిని అడిగితే, బ్లీచ్‌లో వెనిగర్ కలపకూడదని తెలిసినవాళ్లు 35 శాతమే. చదువుకున్నవాళ్లు, సీసా మీది అక్షరాలు చదవగలిగినవాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది. కాబట్టి తెలియకపోవడం మన పల్లె ఆడవాళ్ల తప్పని ఎవరూ అనొద్దు. కూరగాయలు కడగడానికి ధారగా పడే మంచినీళ్లు చాలు.

మన దేశంలో అదే ఏడాది మార్చి చివరలో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊళ్లకు తిరిగొచ్చిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ల మీద హైపోక్లోరైట్ ద్రవం కొట్టారు. మనుషుల మీద ఇలా కొట్టకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 18న చెప్పాల్సి వచ్చింది. మన ఊళ్లల్లో కూడా రైతుల ట్రాక్టర్లు, పవర్ స్ప్రేయర్లతో వీధుల్లో ఈ ద్రవాన్నే కొట్టించారు. పైరు మందు కొట్టే పంపును ఇలాంటి పనికి వాడాల్సి వస్తే ముందూ వెనకా మంచినీళ్లతో బాగా కడగాలి. పంపులో మిగిలిన మందుకు ఈ ద్రవం తగలకూడదు.

వాయువు తగిలితే ఏం చేయాలి

ఘాటు తగలగానే ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి రావాలి. సీసా మూత పెడదామనో, నీళ్లు కొట్టి కడిగేద్దామనో లోపల ఆగొద్దు. దాన్ని విరిచేస్తుందని మూడో మందు అసలే పోయొద్దు. తలుపులు బార్లా తెరిచి, గాలి వచ్చే వైపుకు, మెరక చోటికి వెళ్లాలి. పల్లంలో కూర్చోవద్దు.

పమిట కొంగు, కండువా, సర్జికల్ మాస్కు, ఎన్-95 మాస్కు ఏవీ ఈ వాయువును ఆపవు. దుమ్మును ఆపేవి వేరు, వాయువును ఆపేవి వేరు. లోపల ఎవరైనా పడిపోతే ఒకరి వెనక ఒకరు దూరొద్దు. పాడుబడిన బావిలో ఊపిరాడక పడిపోయినవాడి కోసం దిగిన రెండోవాడు, మూడోవాడు ఏమవుతారో మనకు తెలియనిది కాదు. తలుపు పూర్తిగా తెరిచి, బయటినుంచే చేయో కాలో అందితే లాగాలి. అందకపోతే గాలి ఆడేలా చేస్తూ 108కు ఫోన్ చేయాలి.

బయటికి తెచ్చాక మనిషిని కూర్చోబెట్టాలి. ఆయాసపడేవాళ్లను పడుకోబెడితే ఊపిరి ఇంకా కష్టమవుతుంది. స్పృహ లేకపోతే మాత్రం పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మందు పడిన బట్టలు తీసేయాలి. కళ్లు మండుతుంటే పావుగంటసేపు మంచినీళ్లతో కడగాలి. పాలు, మజ్జిగ, బెల్లం పెడితే విషం దిగిపోతుందని కొందరు అంటారు. విషం వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి, పొట్టలోకి కాదు. ఆయాసంతో ఉన్నవాళ్లకు తినడానికి, తాగడానికి పెడితే పొరబోయి ఇంకో ప్రమాదం.

ఈ వాయువుకు విరుగుడు మందు లేదు. ఆక్సిజన్ పెట్టడం, ఊపిరి గొట్టాలు వదులయ్యే మందు పట్టించడం, కొన్ని గంటలపాటు కనిపెట్టి చూడటమే వైద్యం. అందుకే తొందరగా ఆసుపత్రికి చేరాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు కొంచెం పీల్చినా చూపించుకోవాలి. ఏవి కలిపారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఇంట్లోవాళ్లు తిడతారనో, నవ్వుతారనో దాస్తే నష్టపోయేది మనమే. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరుకు డబ్బులు ఖర్చు కాకుండా ఫోన్ చేయవచ్చు. ఈ నంబరును, 108ని సీసాలు పెట్టే గూటి దగ్గర గోడ మీద రాసిపెట్టుకోండి.

రాకుండా చూసుకోవడం

రోజువారీ శుభ్రానికి సబ్బు నీళ్లు, గట్టి బ్రష్షు, కాస్త ఓపిక చాలు. యాసిడ్ వాడిన రోజు యాసిడ్ ఒక్కటే. తలుపు, వెంటిలేటరు తెరిచి వాడి, నీళ్లు దండిగా పోసి కడిగేయాలి. బ్లీచింగ్ కావాలంటే ఇంకో రోజు. రెండు సీసాలూ ఒకే గూట్లో పెట్టొద్దు. ఒక సీసాలో మిగిలింది ఇంకో సీసాలో పోయొద్దు. కూల్‌డ్రింకు సీసాలో, నీళ్ల సీసాలో యాసిడ్ పోయించుకోవద్దు. చీకట్లో దాన్ని నీళ్లనుకుని పిల్లలు తాగే ప్రమాదం కూడా ఉంది.

మనం అడగాల్సినవి

ఇంతవరకు మన జాగ్రత్తలు చెప్పుకున్నాం. ఇక అడగాల్సినవాళ్లను అడగాలి. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏదో ఒకటి ఉండాలని పురుగుమందుల చట్టం కింద నిబంధన ఉంది. ఎంత విషమో ఆ రంగు చెబుతుంది. మరి బాత్రూం యాసిడ్ సీసా మీద ఏముంది? బండి మీద అమ్మే సీసాకు చీటీ కూడా ఉండదు. కంపెనీ సీసా మీద హెచ్చరిక ఉన్నా, కళ్లజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ సీసా పట్టుకునే చేతుల్లో ఇంగ్లీషు చదవగలిగినవి ఎన్ని?

యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 18న ఇచ్చిన ఆదేశం ప్రకారం యాసిడ్‌ను కొన్నవాళ్ల వివరాలు రిజిస్టరులో రాయకుండా, గుర్తింపు కార్డు చూడకుండా అమ్మకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లకు అసలు అమ్మకూడదు. ఆ ఆదేశం వచ్చింది ఆడపిల్లల మీద దాడులు ఆపడానికి. అది సరిగా అమలైతే ఇంట్లో జరిగే ఈ ప్రమాదాలూ తగ్గుతాయి. అయినా వీధుల్లో ‘యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్’ అనే కేక వినపడుతూనే ఉంది. ఆ బండి నెట్టేవాడు కూడా పొట్టకూటి కోసం తిరిగే పేదవాడే. అతని మీద పడటం మన ఉద్దేశం కాదు. అతనికి ఆ సరుకు పోసేవాళ్లను, చూసీచూడనట్టు ఉండే అధికారులను అడగాలి.

అందుకే సంఘం తరఫున ఈ కోర్కెలు ముందుకు పెడుతున్నాం. శుభ్రం చేసే ప్రతి ద్రవం సీసా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, దేనితో కలపకూడదో బొమ్మతో సహా ఉండాలి. పంచాయతీ బ్లీచింగ్ పంచినప్పుడల్లా దాన్ని ఎలా వాడాలో నోటితో చెప్పి, తెలుగు చీటీ ఇవ్వాలి. పారిశుధ్య కార్మికులకు, బడి ఆయాలకు శిక్షణ, గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు ఇవ్వాలి. ఆమ్లం, బ్లీచింగ్ రెండూ ఒకే పూట ఒకే మనిషి చేతికి ఇవ్వకూడదు. పని చేస్తుండగా వాయువు పీల్చి జబ్బుపడితే దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగా లెక్కకట్టి వైద్యం, పోయిన కూలి చెల్లించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆక్సిజన్, నెబ్యులైజరు ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉండాలి.

ఈ కోర్కెల పత్రాన్ని ప్రతి గ్రామ శాఖ తన పంచాయతీకి, మండల అధికారికి ఇవ్వాలని కోరుతున్నాం. ఇచ్చి ఊరుకోవడం కాదు, వచ్చే గ్రామసభలో చదివించి, తీర్మానం రాయించి, నకలు తీసుకోవాలి.

అది జరిగేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈరోజు ఇంటికి వెళ్లగానే సీసాలు పెట్టిన గూడు చూడండి. యాసిడ్ ఒక వైపు, బ్లీచింగ్ ఇంకో వైపు వేరు చేయండి. మీ ఇంట్లో, పక్కింట్లో, బడిలో కడిగే అక్కకు ఈ ఒక్క మాట చెప్పండి: బ్లీచింగ్‌లో చన్నీళ్లు తప్ప ఇంకేదీ కలపొద్దు. అన్నలారా, తమ్ముళ్లారా, అది చెప్పి ఊరుకోకుండా ఈ ఆదివారం ఆ చీపురు మీరే పట్టుకోండి.